దుకాణం, ఫోను, పోటీ: ఐటీ వచ్చాక వ్యాపారంలో మారింది ఏమిటి?

వ్యాపారంలో పోటీ అంటే ఒకప్పుడు లెక్క సులువు. పక్క దుకాణం వాడు ఎంతకి అమ్ముతున్నాడు, సరుకు ఎలా ఉంది, ఉద్దెర ఇస్తాడా లేదా, ఇవే చూసుకునేవాళ్లు. ఇప్పుడు లాడ్ బజార్‌లో గాజులు కొనడానికి వచ్చిన గిరాకీ కౌంటర్ ముందే ఫోన్ తీసి, అలాంటివే ఇంకో ఊరి వ్యాపారి ఎంతకి పెట్టాడో చూస్తోంది. అంటే పోటీ మన బజారు దాటి దేశమంతా అయింది. మన కుటుంబాల్లో బట్టలు, చెప్పులు, అత్తరు, టైలరింగ్ లాంటి చిన్న వ్యాపారాల మీద బతికేవాళ్లు చాలామంది. కాబట్టి ఈ మార్పు ఎలా పని చేస్తుందో తెలుసుకోవడం అవసరం.

సమాచారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి

మైకేల్ పోర్టర్, విక్టర్ మిల్లర్ 1985లో రాసిన వ్యాసం కామర్స్ చదివినవాళ్లకి తెలిసే ఉంటుంది. ఐటీ మూడు రకాలుగా పోటీని మారుస్తుందని వాళ్లు చెప్పారు. మొదటిది, ఆ రంగం స్వరూపాన్నే మారుస్తుంది. రెండోది, ఖర్చు తగ్గించుకోడానికి, ఇతరులకన్నా భిన్నంగా నిలబడడానికి కంపెనీలకు కొత్త దారులు ఇస్తుంది. మూడోది, అంతకుముందు లేని వ్యాపారాలను పుట్టిస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ ఉత్తర కేరళ తీరం. 1997 నుంచి 2001 మధ్య అక్కడ సెల్‌ఫోన్ టవర్లు వచ్చాయి. అంతకుముందు ఒక ఒడ్డున కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, కొద్ది దూరంలో ఇంకో ఒడ్డున చేపలు దొరక్క జనం వెనక్కి వెళ్లేవాళ్లు. ఫోన్ వచ్చాక మత్స్యకారులు సముద్రం మీది నుంచే ధర కనుక్కుని పడవ ఎటు తిప్పాలో నిర్ణయించుకున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ బాగుపడ్డారు.

మన దగ్గర ఏం జరిగింది?

ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాల అమ్మకంతో మొదలైంది. అమెజాన్ 2013లో మన దేశంలో సైట్ తెరిచింది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. స్వైప్ మిషన్ పెట్టుకోలేని బండివాడు కూడా ఒక క్యూఆర్ కాగితం అతికించి డబ్బు తీసుకోగలిగాడు. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి ఎండీఆర్ ఛార్జీ వసూలు చేయకూడదనే నియమం ఉంది. ఇలా వ్యాపారంలోకి అడుగుపెట్టే ఖర్చు తగ్గింది. ఇంట్లో కుట్టుపని చేసే ఆడవాళ్లు కూడా వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి ఆర్డర్లు తీసుకుంటున్నారు.

తెర మీద ముందు కనిపించేది ఎవరు?

లాభం ఒకవైపే ఉండదు. బజారులో దుకాణం ఎక్కడుందనేది ఎంత ముఖ్యమో, ఆన్‌లైన్‌లో వరుసలో ఎక్కడ కనిపిస్తామన్నది అంత ముఖ్యం. ఆ వరుస పెట్టేది ప్లాట్‌ఫామ్.

ఇది కొత్త గొడవ కాదు. అమెరికాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ కంప్యూటర్లను 1976 నుంచి ట్రావెల్ ఏజెంట్లకు ఇచ్చింది. ఆ తెర మీద సొంత విమానాలు ముందు కనిపించేలా పెట్టుకుంది. ఏజెంట్లు ఎక్కువగా మొదటి తెరలో ఉన్నవే బుక్ చేసేవాళ్లు. చివరికి 1984లో అలాంటి పక్షపాతాన్ని నిషేధిస్తూ అక్కడి ప్రభుత్వం నియమాలు తెచ్చింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో, కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి.

చట్టం ఏమంటుంది?

విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీ మార్కెట్‌ప్లేస్‌గా ఉండొచ్చు గానీ, తన సొంత సరుకు నేరుగా వినియోగదారులకు అమ్మకూడదు. ఒక అమ్మకందారు తన కొనుగోళ్లలో 25 శాతానికి మించి ఆ ప్లాట్‌ఫామ్ నుంచో దాని గ్రూపు కంపెనీల నుంచో తీసుకుంటే, ఆ సరుకు ప్లాట్‌ఫామ్ చేతిలో ఉన్నట్టే లెక్క. ఇది 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఏ ఆధారంతో సరుకును ముందు వెనక చూపిస్తున్నారో ప్లాట్‌ఫామ్ చెప్పాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

జీఎస్‌టీలోనూ కొంత వెసులుబాటు వచ్చింది. టర్నోవర్ పరిమితి లోపు ఉన్న చిన్న వ్యాపారులు 2023 అక్టోబర్ నుంచి సొంత రాష్ట్రంలోపల, ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మొచ్చు. పక్క రాష్ట్రానికి పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి.

ఓఎన్‌డీసీ అనేది ఇంకో దారి. కేంద్ర ప్రభుత్వ చొరవతో 2021 చివర్లో ఏర్పడిన ఈ సంస్థ సొంతంగా ఏమీ అమ్మదు. ఒక యాప్‌లో నమోదైన అమ్మకందారు ఇంకో యాప్‌లో కొనేవాళ్లకి కూడా కనిపించేలా నెట్‌వర్క్ నడుపుతుంది. యూపీఐలో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి డబ్బు వెళ్లినట్టే.

దిగే ముందు ఈ లెక్క వేసుకోండి

ఉదాహరణకి 500 రూపాయలకి అమ్మే కుర్తా అనుకుందాం. కొన్న ధర 350, ప్యాకింగ్ 10, కమీషన్, డెలివరీ కలిపి 75. పన్ను పక్కన పెడితే మిగిలేది 65. పది ఆర్డర్లలో ఒకటి తిరిగొచ్చి, దానికి రవాణా 80, ప్యాకింగ్ 10 పోయిందనుకోండి. తొమ్మిదింటి మీద వచ్చిన 585లో 90 పోయి 495 మిగులుతుంది. రెండు తిరిగొస్తే 340కి పడిపోతుంది. వచ్చిన కుర్తా మళ్లీ అమ్మడానికి పనికిరాకపోతే ఆ 350 కూడా నష్టమే. చాలామంది అమ్మకం చూసి సంతోషపడతారు గానీ, రిటర్న్‌లు చూడరు. దెబ్బ తగిలేది అక్కడే.

కాబట్టి ఒకే ప్లాట్‌ఫామ్ మీద ఆధారపడకండి. పాత గిరాకీల నంబర్లు, వాళ్ల అనుమతితోనే, మీ దగ్గర ఉంచుకోండి. ఎక్కడ పడితే అక్కడ దొరికే సరుకులో ధర పోటీ తట్టుకోవడం కష్టం. కొలత ప్రకారం కుట్టడం, రంగు కలిపి ఇవ్వడం, పాడైతే బాగు చేసి ఇవ్వడం లాంటివి పెద్ద గోదాములకు అంత సులువు కాదు. చిన్న దుకాణం బలం అందులోనే ఉంది.

చివరగా ఒక జాగ్రత్త. డబ్బు తీసుకోడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఎవరైనా పిన్ కొట్టమంటే అది మోసమే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి, కొన్న సరుకు విషయంలో అన్యాయం జరిగితే 1915కి ఫోన్ చేయండి.