సంస్కారమువలన గుణభేదము

ఒకే పదార్థము సంస్కారభేదమునుబట్టి వేర్వేరు గుణములను దాల్చుట మనము నిత్యము చూచుచున్న విషయమే. పాలు ఒక దినములో పులియును. ఆ పాలనుండి తీసిన నేయి నెలలకొలది నిలుచును. చెఱకురసము పూటలో చెడును. బెల్లము నెలలు గడచినను తీపి వీడదు. చరకాచార్యుడు ఆహారవిధిని విచారించుచు, ద్రవ్యమునకు పుట్టుకతో వచ్చు గుణము ఒకటియు, సంస్కారమువలన కలుగు గుణము వేఱొకటియు నని విభజించి, నీరు, నిప్పు, శోధనము, మథనము, కాలము, పాత్రము మొదలగువానిని ఆ మార్పునకు సాధనములుగా లెక్కించెను. నేటి రసాయనశాస్త్రము ప్రయోగశాలలో పరీక్షించుచున్నది కూడ ఈ సాధనముల పనినే. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల చరిత్రను ఈ దృష్టితో కొంత పరిశీలింతము.

మైసూరు పీఠభూమి అంచున నున్న యెత్తైన భూమి యిది. 1911వ సంవత్సరమున చిత్తూరు మండలము ఏర్పడుటకు ముందు మదనపల్లె కడప మండలములోను, పుంగనూరు జమీను, కుప్పముతో గూడిన కంగుంది జమీను ఉత్తరార్కాటు మండలములోను ఉండెడివి. పాలనలో వేఱైనను బ్రతుకుతెఱువు ఒక్కటియే. పెద్ద నదులు లేవు. చెఱువులు, బావులు, వాన - ఇవియే ఆధారము. పండినది అల్పమైనపుడు దానిని చెడకుండ నిలుపుకొనుట, దాని విలువ పెంచుకొనుట విద్య కాక తప్పదు.

ఈ సీమవారి ముఖ్యాహారమగు రాగిని చూడుడు. నూఱు గ్రాముల రాగిలో మూడువందల మిల్లీగ్రాములకు మించిన సున్నపుధాతువు కలదు. వరిబియ్యములో అందు పదవవంతైనను లేదు. అయినను గింజలోని ఫైటికామ్లము ఆ ధాతువును బంధించి, శరీరమునకు పూర్తిగా అందనీయదు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి విసరుట మన తల్లులు ఎఱిగిన పద్ధతి. మొలకెత్తునపుడు గింజలోని ఎంజైములు మేలుకొని, పిండిపదార్థమును చక్కెరలుగా విడదీయును. ఫైటికామ్లమును కొంత తగ్గించును. అందుచే ఆ పిండితో కాచిన జావ పలుచగ నుండును. మామూలు పిండి కొంచెము వేసినను జావ గట్టిపడును గాన, పసిబిడ్డ కడుపు నిండును గాని బలము చాలదు. మొలకపిండి ఎక్కువ వేసినను బిడ్డ సులభముగ త్రాగగలదు. నీరు, కాలము, నిప్పు - ఈ మూడే యిందలి సాధనములు. ఖర్చు ఏమియు లేదు.

బెల్లము పని యింతకంటె సున్నితమైనది. గానుగనుండి వచ్చిన రసము కొంచెము పులుపు గలది. పులుపుతోనే కాచినచో చక్కెర విడిపోయి వేఱు చక్కెరలుగా మాఱును; అట్టి పాకము గడ్డకట్టక మెత్తబడి, వానకాలమున చెమ్మగిలి కాఱును. దీనికి విరుగుడుగా వంటవాడు సున్నపుతేట పోయును. సున్నము పులుపును విఱిచి, మలినములను తెట్టుగా పైకి తెచ్చును. బెండచెట్టు జిగురు కూడ ఆ తెట్టును కూడదీయుటకు వాడుదురు. సున్నము తక్కువైన బెల్లము నిలువదు, ఎక్కువైన నల్లబడును. పిదప వేడి నూటపదునెనిమిది డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు రాగానే పెనము దింపవలెను. పూర్వము ఉష్ణమాపకము లేదు. చన్నీట వేసిన పాకపుచుక్క ఉండ కట్టుటను చూచి వంటవాడు నిశ్చయించెడివాడు. 1870 ప్రాంతమున బీహారులోని బిహియాయందు ఇనుపరోళ్ల గానుగ రూపొంది, క్రమముగ దేశమంతట వ్యాపించి, రాతి గానుగలను, కొయ్య గానుగలను తొలగించెను. రసము ఎక్కువ దిగెను. కాని పాకము పట్టుట మాత్రము వంటవాని నేర్పుపైననే నిలిచెను.

ఈ చరిత్రలో ఒక చేదు కలదు. సహజమైన బెల్లము గోధుమవన్నెది. పచ్చగ మెఱయు దిమ్మకే మంచి వెల వచ్చుటచే, హైడ్రోసు అను గంధకపు మందును పాకములో కలుపు అలవాటు మన బెల్లపుసీమలలో వ్యాపించెను. ఆ మందు రంగును తేల్చును గాని తీపిని పెంచదు, నిలువను పెంచదు; కొంతకాలమునకు వన్నె మరల నల్లబడును, గంధకపుపాలు తినువాని కడుపునకు చేరును. సంస్కారము వేఱు, వేషము వేఱు. పదార్థమునకు లేని గుణము నిచ్చునది సంస్కారము. ఉన్న దోషమును మఱుగుపఱచునది వేషము.

కుప్పము, పలమనేరు ప్రాంతముల పట్టుపని కూడ ఈ భేదమునే చాటుచున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర టిప్పుసుల్తాను మైసూరు రాజ్యమున పట్టుపురుగుల పెంపకమును ప్రోత్సహించెను. ఆ రాజ్యపు సరిహద్దును ఆనుకొనియున్న ఈ సీమలో కూడ కంబళియాకు తోటలు, పట్టుపురుగుల పెంపకము వేళ్లూనినవి. పురుగు అల్లిన గూడు అట్లే యుంచినచో, పది పండ్రెండు దినములలో లోపలి పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని వెలువడును, దారము తెగిపోవును. కావున ఆవిరితోగాని వేడిగాలితోగాని పురుగును ముందే చంపుదురు. జీవహింసతో కూడిన ఈ పనిని తలచి నొచ్చుకొనువారు నాడును గలరు, నేడును గలరు.

పట్టుపోగున లోపల ఫైబ్రాయిను, పైన సెరిసిను అను రెండు పదార్థములు కలవు. సెరిసిను జిగురు, పోగు బరువులో అది యించుమించు నాలుగవవంతు. గూళ్లను వేడినీట ఉడికించినపుడు ఆ జిగురు మెత్తబడి పోగుకొస చేతికి చిక్కును. మేలైన గూటినుండి వేయి మీటర్లకు మించిన పోగు తెగక వచ్చును. పాత మైసూరుజాతి గూటినుండి అందు సగమైనను రాదు. ఉడుకు చాలనిచో పోగు తెగును. మించినచో వ్యర్థము పెరుగును. నేతకు ముందు సబ్బు, సోడా కలిపిన వేడినీట మిగిలిన జిగురును తీసివేయుదురు. అప్పుడే బిఱుసైన పోగునకు మెఱుపు, మెత్తదనము, రంగును పట్టుకొను శక్తి వచ్చును. మదనపల్లె చెంతనున్న నీరుగట్టువారిపల్లె మగ్గములమీద వెలుగు చీరల వన్నెకు ఇదియే మూలము.

జిగురు పోయినపుడు బరువు నాలుగవవంతు తగ్గును గదా! ఆ నష్టము పూడ్చుకొనుటకు పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా వర్తకులు పట్టునకు తగరపు లవణములు పట్టించిరి. బట్ట బరువెక్కెను, గలగలలాడెను; కాని కొన్నియేండ్లకే మడతలవెంట చినిగిపోయెను. మన బెల్లపు మెఱుగునకు ఇది దూరదేశపు తోబుట్టువు.

ఇక మదనపల్లె టమాటా. అమెరికాఖండమున పుట్టిన ఈ పండు ఐరోపావారివెంట మన దేశమునకు వచ్చెను. నేడు మదనపల్లె అంగడి దానికి దేశప్రసిద్ధము. 2023వ సంవత్సరము జూలై మాసమున అచ్చట కిలో వెల నూఱు రూపాయలు దాటెను. రెండు నెలలు గడవకమున్నే కోతకూలి కూడ గిట్టని స్థితికి దిగెను. వెల పడినపుడెల్ల పండ్లను దారిప్రక్కన పాఱబోయుట ఈ సీమ పలుమాఱు చూచినదే. పండు చెట్టునుండి తెగిన పిమ్మట వేచియుండదు. రైతు వెలకొఱకు వేచియుండలేడు. 1810లో ఫ్రాన్సుదేశపు అప్పెర్ అనునాతడు ఆహారమును సీసాలలో మూసి, వేడినీట కాచి నిలువచేయు పద్ధతిని ప్రకటించెను. అది యేల ఫలించునో తరువాత పాస్టరు సూక్ష్మజీవుల పరీక్షలవలన తెలియవచ్చెను. టమాటా స్వతస్సిద్ధముగ పుల్లనిది గనుక ఈ పద్ధతికి మిక్కిలి అనుకూలము. కాచినపుడు సి విటమిను కొంత నశించుట నిజమే. కాని ఎఱ్ఱవన్నె నిచ్చు లైకోపీను, నూనెతో కూడి ఉడికినపుడు శరీరమునకు మఱింత బాగుగ అందును.

రాగిమొలక, బెల్లపుపాకము, పట్టుపోగు - ఈ మూడింటను ఇచ్చటివారు పంటను ఇంటనో ఊరనో సంస్కరించి నిలుపుకొనిరి. టమాటావిషయమున పండించుట మాత్రము నేర్చి, సంస్కారమును చాలవఱకు పరులకు విడిచిరి. ఊరికి దగ్గఱగ గుజ్జుతీయు కర్మాగారములు, రైతుసంఘముల చేతిలో చాలినన్ని ఏర్పడునంతవఱకు, ఆ పంట వెల వానమబ్బువలె ఎవరికిని వశము గాకుండును. పూర్వులు గానుగను, పెనమును పొలముప్రక్కనే పెట్టుకొనుటలోని వివేకమును మన కర్షకసోదరులును, పాలకులును గుర్తింతురు గాక.