లీటరు పాలకు పొదుగులో ఎంత రక్తం తిరగాలి?

ఈసారి కాస్త పాత చరిత్ర చెప్తాను. మందలో పనికొచ్చే చరిత్రే.

రక్తమే పాలుగా మారుతుందని రెండు వేల మూడొందల ఏళ్ల కిందటే గ్రీసు దేశపు అరిస్టాటిల్ అన్నాడు. కానీ ఎంత రక్తం, ఎట్లా అన్నది చాలాకాలం తేలలేదు. 1906లో ఫ్రాన్సులో కౌఫ్‌మన్, మాన్య్ అనే ఇద్దరు ఆవు మెడనరంలోని రక్తాన్నీ, పొదుగు నుంచి వెనక్కి వచ్చే రక్తాన్నీ పోల్చి చూశారు. పొదుగు నుంచి వచ్చిన దాంట్లో చక్కెర తక్కువుంది. అంటే దాన్ని పొదుగే లాక్కుంది.

1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ ఇంకో సంగతి తేల్చారు. ఒక పక్క పొదుగుకు స్పర్శ నరాలు కోసేసినా రెండు పక్కలా ఆవు చేపింది. చేపు తెచ్చే సరుకు రక్తంలోనే వస్తుందన్నమాట. అదే ఆవు వీపు మీద పిల్లిని పెట్టి, చెవి దగ్గర కాగితం సంచులు పేల్చి బెదరగొడితే చేపలేదు. బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, అది పొదుగు రక్తనాళాలను బిగిస్తుంది.

తర్వాత ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాంలో లింజెల్ అనే శాస్త్రవేత్త మేకల మీద పనిచేశాడు. పాలనరంలోకి చల్లటి ద్రవం ఎక్కించి, రక్తం ఎంత చల్లబడిందో చూసి ప్రవాహం లెక్కగట్టాడు. 1960ల్లో ఏకంగా మేక పొదుగును మెడకు మార్చి, అక్కడి రక్తనాళాలకు కలిపాడు. నరాల సంబంధం లేకున్నా అది పాలిచ్చింది!

ఆ పనుల్లో తేలిన లెక్క ఇది: లీటరు పాలు తయారవ్వాలంటే పొదుగులో ఇంచుమించు 400 నుంచి 500 లీటర్ల రక్తం తిరగాలి. గొర్రె కూడా మేకలాగే నెమరేసే జీవం, లెక్క అటూ ఇటుగా అంతే. పిల్లకు రోజూ అరలీటరు ఇవ్వాలంటే 200 లీటర్లకు పైనే తిరగాలి. ఒంట్లో ఉన్న కాస్త రక్తమే మళ్లీ మళ్లీ తిరిగి ఆ పని చేస్తుంది.

మేత ఆగితే ఈ ప్రవాహం పడిపోతుంది, పాలూ పడిపోతాయి. ఎండదెబ్బ తగిలితే రక్తం ఒళ్లు చల్లబరచడానికి చర్మం వైపు మళ్లుతుంది. ఆవుల్లో 1992లో కొలిస్తే, నిలబడినప్పటికన్నా పడుకున్నప్పుడు పొదుగుకు రక్తం ఎక్కువ వెళ్లింది. ఈతకు ఒకట్రెండు రోజుల ముందు నుంచే ప్రవాహం పెరగడం మొదలవుతుంది.

కాబట్టి ఈనబోయే గొర్రెను, కొత్తగా ఈనిన గొర్రెను మిట్టమధ్యాహ్నం దూరం తోలకండి. నీళ్లు ముందు పెట్టండి, నీడలో పడుకోనివ్వండి, కుక్కల్ని దగ్గరికి రానీయకండి. పాలు లేక పిల్ల చస్తే తల్లిని తిట్టి లాభం లేదు. ఆ రెండు మూడు రోజులు దాన్ని ఎట్లా చూశామన్నదే ముందు ఆలోచించాలి.