వరుసలో నిలిచిన పనులు

ప్రాక్టికల్ ముగియగానే విద్యార్థులు తమ రికార్డు పుస్తకములను బల్లపై పేర్చి వెళ్ళిపోవుదురు. నేను దిద్దువరకు వారు ప్రయోగశాలలో కాచుకొని యుండనక్కరలేదు. వారి పనికిని నా పనికిని నడుమ ఆ దొంతర యున్నది. కంప్యూటరు శాస్త్రమున దీనినే అసమకాలిక ప్రక్రియ యందురు. ఇంత చిన్న సంగతిని యంత్రములకు నేర్పుట సులభము కాలేదు.

1962 డిసెంబరులో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున అట్లాసు కంప్యూటరు ప్రారంభమయ్యెను. అది సెకనుకు లక్షలకొలది కూడికలు చేయగలదు. దానికి సమాచారమందించు కాగితపు టేపు రీడరో, సెకనుకు 300 అక్షరములు మాత్రమే చదువును. గరుత్మంతునికి నత్తచేత మేత పెట్టించినట్లుండెను! అందుచే వచ్చిన పనులను ముందుగా అయస్కాంత టేపుపై నిలువచేసి, తీరిక దొరికినపుడు తీసికొనునట్లు ఏర్పాటు చేసిరి. ఆ నిలువకు 'బావి' యని పేరిడిరి.

బావి నిండినచో నేమి చేయవలెను? ఎండినచో? డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1965లో ఈ ప్రశ్నను విమర్శించెను. నిండినపుడు పోయువాడు ఆగవలెను; ఎండినపుడు తోడువాడు ఆగవలెను. ఈ కట్టడికి ఆయన వాడిన సాధనము పేరు 'సెమఫోరు' - రైల్వే సిగ్నలు పేరే.

గ్రంథాలయములకు ఇదే చిక్కు వేరు రూపమున గలదు. క్రొత్త పుస్తకము వచ్చినను, దాని కర్త, శీర్షిక, విషయము నమోదు కానంతవరకు పాఠకునికది లేనట్లే. ఈ వివరములకే మెటాడేటా యని పేరు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుండి అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయములకు అమ్మెను. 1960ల చివర హెన్రియెట్ ఏవ్రమ్ అను నామె ఆ వివరములను యంత్రము చదువు రూపమునకు మార్చెను. అయినను వివరము వ్రాయువారు మనుష్యులే.

ఇంటర్నెట్టు పుటలు కోట్లకు పెరుగగా ఆ పనియు ప్రోగ్రాములకే అప్పగింపక తప్పలేదు. తొలుత గూగుల్ సంస్థలో పుటలన్నిటిని ఒక్క విడతగా పరిశీలించెడివారు. క్రొత్త పుట సూచికలో చేరుటకు దినములు పట్టెడిది. మార్పు జరిగిన పుట వరకే ప్రోగ్రామును మేల్కొలుపు 'పెర్కొలేటర్' పద్ధతిని పెంగ్, డాబెక్ అనువారు 2010లో వివరించిరి. వెదకినవారికి దొరకు పుటల సగటు వయస్సు సగమునకు తగ్గెను. యంత్రసామగ్రి ఖర్చు మాత్రము పెరిగెను.

ఒక అపాయము మిగిలినది. దిద్దుచుండగా కరెంటు పోయెననుకొనుడు. దిద్దితినో లేదో తెలియక ఆ రికార్డునే మరల దిద్దుదును. మార్కుల గడిలో 8 అని మరల వ్రాసిన హాని లేదు. మొత్తమునకు మరియొక 8 కలిపితినా, విద్యార్థికి పండుగే! యంత్రము నడుమ చెడిపోయినపుడు అదే పని మరియొక యంత్రమునకు పోవును గనుక, మెటాడేటా ప్రోగ్రాములు మొదటి పద్ధతినే వ్రాయవలెను. అదియు చాలదు. పాత ప్రతిని చదివిన యంత్రము ఆలస్యముగా ముగించి, క్రొత్త ప్రతి వివరములను చెరిపివేయవచ్చును. అందుచే ప్రతి వివరముతో పాటు అది ఎన్నవ ప్రతికి చెందినదో ఆ సంఖ్యయు వ్రాసి, చిన్న సంఖ్య వెనుక వచ్చినచో త్రోసిపుచ్చుదురు.