తాతల నాటి తిండి ఏది? – ఒక కంచం చరిత్ర



ఈ వారం చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. నేను చరిత్రకారిణిని కాదు. పొద్దున లేస్తే డేటాబేసులతో కుస్తీ పట్టే ఐ.టి. కన్సల్టెంటుని. రాజుల గురించీ యుద్ధాల గురించీ చెప్పే పాండిత్యం నాకు లేదు. కాకపోతే మా ఇంట్లో కంచం దగ్గర రోజూ ఒక చిన్న యుద్ధం జరుగుతూ ఉంటుంది. దాని మూలాలు వెతుక్కుంటూ పోతే ధవళేశ్వరం దాకా, కూనూరు దాకా, చివరికి ఫిన్లాండు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ కథే ఇవాళ చెబుతాను.

మా ఆయనది కోనసీమ. మాది కడప జిల్లా. కాపురం న్యూజెర్సీలో. ఆయనకి 38 ఏళ్ళు. రెండేళ్ళ కిందట రక్తపరీక్షలో చెడ్డ కొలెస్టరాల్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. మా మామగారు 54వ ఏట గుండెపోటుతో పోయారు. అది విన్నాక డాక్టరుగారు విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఏం తినాలో రాసి ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. ఓట్సు, కేల్ ఆకు, సాల్మన్ చేప, ఆలివ్ నూనె, ఉప్పు లేని గింజలు. మా ఆయన దాన్ని మర్యాదగా చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అంతే, మళ్ళీ బయటికి తియ్యలేదు.

ఆయన తినేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తెల్లన్నం, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, గడ్డపెరుగు, చేపల పులుసు, ఎప్పుడైనా ఉలవచారు. ఆకుకూరల్లో గోంగూర ఒక్కటే. బీరకాయ, సొరకాయ, పొట్లకాయలన్నీ కలిపి ఆయన భాషలో 'నీళ్ళ కూరలు'. ఓట్సు వండి పెడితే, "గోడకి పూసే లప్పంలా ఉంది" అన్నారు. "ఏమండీ, మావయ్యగారి సంగతి గుర్తు పెట్టుకోండి" అంటే, "మా తాత తిన్న తిండే నేనూ తింటున్నాను. ఆయన 86 ఏళ్ళు బతికాడు. నువ్వు ఆ కాగితం చూసి కంగారుపడకు" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. తాత తిన్నది నిజంగా ఈ తిండేనా?

ముందు తెల్లన్నం సంగతి చూద్దాం. గోదావరి డెల్టా అంటే వరి అని మన లెక్క. వరి అక్కడ ఎప్పటినుంచో ఉంది. కానీ అది వానల దయ మీద, వరదల దయ మీద పండే వరి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాక కాలవలు వచ్చాయి, డెల్టా అన్నపూర్ణ అయింది. అయినా అప్పటి బియ్యం వేరు. ధాన్యాన్ని ఇంట్లో రోకళ్ళతో దంచుకునేవారు. దంపుడు బియ్యానికి పైనున్న తవుడు పొర పూర్తిగా పోదు. మల్లెపువ్వులా తెల్లటి బియ్యం రోజూ ప్రతి ఇంటి కంచంలోకి వచ్చింది మర పుణ్యమే. బియ్యం మరలు ఊళ్ళలోకి వచ్చాక ఆడవాళ్ళకి దంపుడు చాకిరీ తప్పింది. అది చిన్న మేలు కాదు. దాంతోపాటు తవుడు కూడా పశువుల కుడితిలోకి పోయింది.

ఆ తవుడుతో ఏం పోయిందో బయటపడ్డ చోట్లలో మన తీరం కూడా ఉంది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. బి1 విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బు అది. అందులో 'తడి' రకం నేరుగా గుండె మీదే పడుతుంది. కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె చేతులెత్తేస్తుంది. తమిళ జిల్లాల వాళ్ళూ అన్నమే తినేవారు, కానీ అక్కడ ఈ జబ్బు ఇంతగా లేదు. కారణం ఏమిటంటే వాళ్ళు ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టి మర పట్టిస్తే విటమిన్ కొంత గింజలోకి దిగి నిలుస్తుంది. మనవాళ్ళు తిన్నది మర పట్టిన పచ్చి బియ్యం.

ఈ జబ్బు మీద పరిశోధనకి 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు నీలగిరి కొండల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ విభాగం మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాక వైపు వెళ్ళినవాళ్ళకి ఆ బోర్డు తెలిసే ఉంటుంది. ఆ సంస్థ పుట్టుక వెనక మన తెల్లన్నం లాంటి అన్నమే ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఇక మా వైపు కథ. రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, గటక. పండగకో పబ్బానికో వరి అన్నం. అన్నం అంటే హోదా. ఇది ఈనాటిది కాదు. 15వ శతాబ్దపు శ్రీనాథ మహాకవి పల్నాడు వెళ్ళి అక్కడి జొన్నకూడు తినలేక విసుక్కుంటూ చెప్పాడని చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. అవి ఆయనవే అయితే, తిండి దగ్గర పేచీ పెట్టిన మన మొదటి ప్రముఖుడు ఆయనే! ఈ ముక్క చెప్పినప్పుడు మా ఆయన చాలా సంతోషించారు.

1983లో ఎన్.టి. రామారావు గారు అధికారంలోకి వచ్చాక రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. సంగటి ముద్ద తప్ప ఎరగని ఇళ్ళలోకి రోజూ అన్నం వచ్చింది. ఆకలి తెలిసినవాళ్ళు ఎవరూ దాన్ని తప్పుపట్టరు. మా అమ్మమ్మ అన్నం వండిన రోజున వాకిలి దాకా వచ్చి నలుగురికీ చెప్పేదట. కానీ కంచంలో జొన్న, కొర్ర, రాగి పక్కకి జరిగాయి. ఒకే ఒక్క గింజ మిగిలింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఇక్కడి ఇండియన్ కొట్లలో కొర్రలు సోనా మసూరి కంటే ఖరీదుగా అమ్ముతుంటే మా అమ్మ నమ్మలేకపోయింది.

వేపుడు సంగతి త్వరగా చెప్పేస్తాను. మిరపకాయ, బంగాళాదుంప, వేరుశనగ మూడూ దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నేలల నుంచి ఓడలెక్కి వచ్చినవే. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది. అంటే శ్రీనాథుడు ఎర్రటి ఆవకాయ ఎరగడు, పాపం.

నూనె కథ మాత్రం ఆగి చెప్పుకోవాలి. మొదట గానుగ నూనె, ఇంటి నెయ్యి. 1937లో డాల్డా వచ్చింది. పచ్చరంగు చెట్టు బొమ్మ ఉన్న పసుపురంగు డబ్బా. ఖాళీ డబ్బాల్లో తులసి మొక్కలు పెట్టిన ఇళ్ళు మనందరికీ గుర్తే. ద్రవంగా ఉండే నూనెలోకి హైడ్రోజన్ పంపి గడ్డకట్టిస్తే నెయ్యిలా కనిపించే వనస్పతి తయారవుతుంది. నెయ్యి కంటే చవక, త్వరగా పాడవదు. పెళ్ళిళ్ళలో లడ్లూ, హోటళ్ళలో పూరీలూ దాని మీదే నడిచాయి. అలా గడ్డకట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది అని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. డెన్మార్క్ 2003లో దానికి హద్దు పెట్టింది. అమెరికా 2015లో నిర్ణయించి 2018 నుంచి అమలు మొదలుపెట్టింది. ఇండియాలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతం మించకూడదన్నారు. డాల్డా వచ్చినప్పటి నుంచి లెక్క వేసుకుంటే మధ్యలో 85 ఏళ్ళు. మా మామగారు పుట్టి, పెరిగి, పోయింది ఆ మధ్యలోనే.

ఇదంతా విని 'పాతదంతా బంగారం' అని నేనంటున్నానని అనుకోకండి. తాతగారి ఆవకాయలోనూ ఉప్పు దండిగానే ఉండేది. ఆయన తెల్లవారకముందే పొలానికి నడిచేవారు. మనవడు కారు దిగి కుర్చీ ఎక్కుతారు. పైగా 86 ఏళ్ళు బతికిన తాతే మనకి గుర్తుంటాడు. చిన్నప్పుడే పోయిన ఆయన అన్నదమ్ముల లెక్క ఎవరూ చెప్పరు.

ఇప్పుడు డాక్టరుగారి కాగితానికి వద్దాం. దానికీ ఒక చరిత్ర ఉంది. 1948లో మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్ళో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. కొలెస్టరాల్, రక్తపోటు, పొగతాగడం గుండెజబ్బుకి దారితీస్తాయన్న మాట అక్కణ్ణించే గట్టిపడింది. ఆ ఊరివాళ్ళు ఎక్కువమంది ఐరోపా సంతతివారు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాలని చూసింది. అందులో దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు మిగతావాళ్ళ కంటే సుమారు ఐదారేళ్ళు ముందే వస్తోందని తేలింది. 2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా సంతతిని కూడా ప్రమాదాన్ని పెంచే అంశాల్లో చేర్చారు. అంటే హెచ్చరిక మనకీ వర్తిస్తుంది, ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. కాగితంలో రాసిన వంటలు మాత్రం మనవి కావు.

మరి మొండిగా ఉన్న మనిషి చేత తిండి మార్పించడం ఎలా? దానికీ చరిత్రలో జవాబు దొరికింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో మంచి మాంసం సైనికులకి పోతుంటే, ఇళ్ళలో గుండెకాయ, మూత్రపిండాల వంటి భాగాలు వండించాలని ప్రభుత్వం చూసింది. జనం ముక్కు మూసుకున్నారు. ఆహారపు అలవాట్ల సంఘం ఒకటి పెట్టారు. దానికి మార్గరెట్ మీడ్ కార్యదర్శి. ఆ సంఘం కోసం కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త గృహిణులతో ప్రయోగం చేశారు. కొందరికి ఉపన్యాసం ఇప్పించారు. అందులో పోషకాల గురించి, దేశభక్తి గురించి అన్నీ ఉన్నాయి. మరికొందరిని కూర్చోబెట్టి, ఇబ్బందులేమిటో వాళ్ళచేతే చెప్పించి, వాళ్ళనే నిర్ణయం తీసుకోమన్నారు. ఉపన్యాసం విన్నవాళ్ళలో అంతవరకు వండని మాంసం వండినవాళ్ళు 3 శాతం. మాట్లాడుకుని నిర్ణయించుకున్నవాళ్ళలో 32 శాతం. ఇది 1943లో అచ్చయింది.

ఫిన్లాండులో తూర్పున నార్త్ కరేలియా అని ఒక ప్రాంతం. నడివయసు మగవాళ్ళు గుండెపోటుతో రాలిపోతుంటే 1972లో పెక్కా పుస్కా అనే, ముప్పై నిండని డాక్టరు అక్కడ పని మొదలుపెట్టారు. వెన్న, చిక్కటి పాలు, కొవ్వు మాంసం వాళ్ళ 'తాతల తిండి'. ఆయన మార్తా అనే గృహిణుల సంఘంతో కలిశారు. వాళ్ళ పాత మాంసం కూరనే తీసుకుని అందులో కొవ్వు తగ్గించి, కూరగాయలు పెంచి ఊరూరా విందులు పెట్టారు. కొత్త వంట నేర్పలేదు, పాత వంటనే సవరించారు. పొగతాగడం తగ్గించడం లాంటివీ తోడయ్యాయి. సుమారు 40 ఏళ్ళలో అక్కడ పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

ఇది చదివాక ఒక శనివారం ఇద్దరం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాం. "మీరు దేన్ని వదలరో మూడు రాయండి. వాటి జోలికి నేను రాను. మిగతావి ఎలా మార్చాలో మీరే చెప్పండి" అన్నాను. ఆయన రాసినవి ఆవకాయ, పెరుగన్నం, ఆదివారం చేపల పులుసు. చేప వారానికి రెండుసార్లు తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషనే చెబుతుంది కాబట్టి పులుసు బుధవారానికి కూడా పాకింది, నూనె మాత్రం సగమైంది. ఉలవచారు పప్పుజాతిదే కనక దానికీ పదోన్నతి వచ్చింది, పైన వేసే మీగడ లేకుండా. గోంగూర పప్పులో పప్పు పెరిగింది, అన్నం తగ్గింది. ఆవకాయ ముక్క ఉంది, కానీ ఒక్క ముక్కే. రెండు రాత్రులు జొన్నరొట్టె. బంగాళాదుంప వేపుడు పదిహేను రోజులకోసారి. నెలకి ఒకటే మార్పు, అంతకు మించి కాదు. బీరకాయ పచ్చడి రూపంలో వచ్చేసరికి ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కూడా తిన్నారు. కేల్ ఆకు మా ఇంటికి ఇంతవరకు రాలేదు.

ఉప్పు తగ్గించిన మొదటి వారాల్లో అన్నీ చప్పగా ఉన్నాయన్నారు. కొన్ని నెలలు తక్కువ ఉప్పు తింటే నాలుక కోరే ఉప్పే తగ్గుతుందని 1982లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. మా ఇంట్లో అది నాలుగో నెలలో కనబడింది. ఒక పెళ్ళి విందులో, "ఏంటి, ఇంత ఉప్పు వేశారు?" అని ఆయనే అడిగారు.

ఇవన్నీ చేశాక కొలెస్టరాల్ తగ్గింది. కానీ డాక్టరుగారు కోరినంత తగ్గలేదు. వంశంలో ఉన్నదాన్ని వంట ఒక్కటే దించలేదని చెప్పి మాత్ర రాశారు. ఆయన రాత్రిపూట మాత్ర వేసుకుంటున్నారు, కంచమూ అలాగే కొనసాగుతోంది. రెండూ కావాలి. మీలో ఎవరికైనా యాభై ఐదు నిండకముందే గుండెపోటు వచ్చిన తండ్రో, అన్నో ఉంటే, ఈ ప్రసంగం విని ఊరుకోకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

ఇంకొక్క పని కూడా చెయ్యండి. ఈ ఆదివారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని, "మీ చిన్నప్పుడు మామూలు రోజున కంచంలో ఏముండేది?" అని అడగండి. పండగ రోజున కాదు, మామూలు రోజున. వాళ్ళు చెప్పింది రాసి పెట్టుకోండి. మా ఆయన వాళ్ళ నాయనమ్మని అడిగారు. ఆవిడకి 91 ఏళ్ళు. "వేపుడా? నూనె ఎక్కడిదిరా అంత? పండక్కి" అంది.