గర్భనిరోధమును గూర్చి ఇస్లాముధర్మశాస్త్రము: గుడిబండసీమను బురస్కరించుకొని యొక విచారము

ఇస్లాముమతమున గర్భనిరోధము సమ్మతమా, నిషిద్ధమా యని యడిగినచో రెండు ప్రత్యుత్తరములు వినవచ్చును. సమ్మతమే యనువారును గలరు, పాపమనువారును గలరు. ఉభయపక్షములవారును ప్రవక్తవచనములనే ప్రమాణముగాఁ జూపుదురు. ఇట్టిచోట వ్యాకరణము చదివినవానికిఁ దోఁచు మొదటి సందేహము ప్రమాణములను గూర్చినది కాదు, పదమును గూర్చినది. వాదులిరువురును 'గర్భనిరోధ' మను మాటకు నొక్క యర్థమునే గ్రహించుచున్నారా? శబ్ద మొకటియై యర్థములు వేఱైనచో వాదమునకుఁ దుద యుండదు. అరబ్బీ ధర్మశాస్త్రజ్ఞులు వేయియేండ్లుగా విచారించిన వస్తువొకటి, మనసీమలో నా పేరఁ జెలామణి యగుచున్న వస్తువు మఱియొకటి యని యీ వ్యాసమునఁ జూపఁదలఁచితిని.

గుడిబండ యనఁగా మడకశిరకుఁ జేరువనున్న గుడిబండ. చిక్కబళ్ళాపురము జిల్లాలోని గుడిబండె కాదు. ఈ పేరులసామ్యము పలువురను భ్రమింపఁజేయును. ఇది 2022 వఱకు అనంతపురము జిల్లాలోనుండి తరువాత శ్రీసత్యసాయి జిల్లాలోఁ జేరినది. కన్నడదేశపు సరిహద్దునందుండుటచేఁ దెలుఁగుతోపాటు కన్నడమును వినవచ్చును. దీనికిఁ బడమటనున్న శిరపట్టణము బిజాపురపు సుల్తానుల యేలుబడిలో నొక ముఖ్యస్థానము; అచటి యధికారియగు మలిక్ రిహాను గోరీ 1651 నాఁటిది. 1687 లో మొగలాయీలు శిరను సుబాకు రాజధానిగాఁ జేసికొనిరి. పెనుగొండ యా సుబాలోని పరగణాలలో నొకటి. ఈ సీమ ముస్లిములలో నుర్దూ పలుకువారును, దూదేకులవారివలెఁ దెలుఁగే యింటిభాషగాఁ గలవారును గలరు. పెనుగొండ బాబయ్యదర్గాకు హిందువులును మ్రొక్కుకొందురు. మొగలాయీల న్యాయస్థానములు హనఫీసంప్రదాయము ననుసరించినవి. ఆ సంప్రదాయమున నానాగ్రంథములనుండి నిర్ణయములనేర్చి, షేక్ నిజాము మొదలగు పండితులు ఔరంగజేబు నాజ్ఞచేఁ గూర్చిన మహాసంగ్రహమే 'ఫతావా-ఎ-ఆలంగీరీ'. కావున మనసీమను బురస్కరించుకొని విచారించువాఁడు హనఫీమతమును బ్రధానముగాఁ జూడవలయును.

ఇఁక విషయము. గర్భము రాకుండఁ జేసికొనుటను గూర్చి ఖురానునందు స్పష్టవచనము లేదు. దారిద్ర్యభయముచే బిడ్డలను జంపరాదని యాఱవ, పదునేడవ యధ్యాయములందుఁ గలదు. ఆఁడుశిశువును సజీవముగాఁ బూడ్చిపెట్టు ప్రాచీనారబ్బుల దురాచారమును ఎనుబదియొకటవ యధ్యాయము గర్హించుచున్నది. ఆ పూడ్చుటకు అరబ్బీలో 'వఅద్' అని పేరు. పురుషుఁడు సంగమాంతమున వీర్యమును బయట విడుచుటకు 'అజ్ల్' అని పేరు. వేఱుచేయుట, తొలఁగించుట యని ధాత్వర్థము. ఈ రెండుపదములకుఁ గల సంబంధమేమి యనునదియే ధర్మశాస్త్రవివాదమంతటికిని మూలము.

జాబిర్ అను శిష్యుఁడు, ఖురాను అవతరించుచున్న కాలముననే తాము అజ్ల్ చేయుచుంటిమని చెప్పినట్లు బుఖారీ, ముస్లిం అనువారి సంహితలు రెండింటను గలదు. నిషేధింపవలసినదే యైనచో నిషేధవచనము వచ్చియుండెడిదని తాత్పర్యము. అజ్ల్ చిన్నపాటి వఅద్ అని యూదులు చెప్పఁగాఁ బ్రవక్త యది సరికాదనెనని అబూదావూదు సంహిత చెప్పుచున్నది. అయితే జుదామా యను స్త్రీవలన వచ్చిన వేఱొక వచనము ముస్లింసంహితయందే కలదు. అందుఁ బ్రవక్తయే అజ్లును 'గూఢమైన వఅద్' అనెనఁట. ఒకచోటఁ గాదనిన మాటయే మఱియొకచోట నౌననఁబడినది.

ఇట్టి విరోధము మనకుఁ గ్రొత్త కాదు. రెండుసూత్రములు ఒక్కచోటఁ బ్రసక్తములై పరస్పరము విరోధించినచోఁ బరసూత్రమునకు బలము చెప్పినవాఁడు పాణిని. కార్డోవానగరపు ఇబ్న్ హజ్మ్ (994–1064) ఇంచుమించుగా నీ త్రోవనే నడచినాఁడు. వస్తువులన్నిటికిని మొదట ననుమతియే సహజస్థితి. జాబిరు మొదలగువారి మాటలు ఆ స్థితిని దెలుపుచున్నవి. జుదామావచనము తరువాత వచ్చి దానిని రద్దుచేసినది. కావున అజ్ల్ నిషిద్ధము. ఇది యాతని వాదము. చూచుటకు బాగుగనే యున్నది గాని, పరత్వము సిద్ధించినఁగదా బాధ్యబాధకభావము! సూత్రపాఠమునఁ బూర్వాపరములు కన్నులయెదుట నుండును. వచనములకుఁ గాలనిర్ణయము చేయవలయును. జుదామావచనము తరువాతిదని కాలము చూపి నిరూపింపలేదని యితరులు ఇబ్న్ హజ్ముపై దోషమారోపించిరి.

గజాలీ (1058–1111) త్రోవ వేఱు. ఆతని 'ఇహ్యా ఉలూమిద్దీన్' లోని వివాహప్రకరణమున నీవిషయమున కెక్కువ చోటు దొరకినది. విరోధము కాలమునందుఁ గాక పదమునందే తీర్పవచ్చునని యాతని యూహ. చేసిన పుణ్యమును లోకులకుఁ జూపుకొనుటను 'గూఢమైన బహుదేవతారాధన' మని చెప్పుదురు. అంతమాత్రమున నట్టివాఁడు విగ్రహారాధకుఁడై మతభ్రష్టుఁడగునా? కాఁడు. అట్లే 'గూఢమైన వఅద్' అనుటచే శ్రేష్ఠము కానిదని తేలును గాని నిషేధము తేలదు. మన స్మృతులలో ఋతుకాలమున భార్యను జేరనివానికి భ్రూణహత్యాదోషము చెప్పఁబడినది. పిండమే లేనిచోట హత్య యెక్కడిది? అది యతిదేశము, నిందచేఁ బ్రవర్తింపఁజేయుటకైన యర్థవాదము. స్మృతివ్యాఖ్యాతలు చదివినవారికి గజాలీవాదము పరిచితమైనదిగానే తోఁచును.

ఆతఁ డింకొక యుపమానము చెప్పినాఁడు. స్త్రీపురుషుల రెండు ద్రవములును గలసిననే పిండము పుట్టును. ఒకటి క్రయవిక్రయములలోఁ బ్రతిపాదనము వంటిది, రెండవది యంగీకారము వంటిది. అంగీకారమునకుఁ బూర్వమే ప్రతిపాదించినవాఁడు వెనుదీసినచో నొడంబడిక చెఱిచినవాఁడు కాఁడు. కలసిన వెనుకఁ జెఱచుట దోషము. పిండము పెరిఁగినకొలఁది దోషమును బెరుఁగును. ప్రాణము వచ్చిన పిదప మఱియు నెక్కువ. పుట్టిన బిడ్డను జంపుట పరాకాష్ఠ. ఇట్లు నిరోధమునకును గర్భస్రావమునకును నడుమ స్పష్టమైన గీఁటు గీసినాఁడు. ఉద్దేశములలోను దారతమ్యము చూపినాఁడు. భార్య సౌందర్యమును బ్రాణమును గాపాడుకొనుటకు, సంతానాధిక్యమువలని యిక్కట్టులు తప్పించుకొనుటకు అజ్ల్ చేయవచ్చును; ఆఁడుబిడ్డ పుట్టునను భయముచేఁ జేయుట మాత్రము చెడ్డది. ఈ కడపటిమాట మనదేశమువారందఱును, ఏ మతమువారైనను, వినఁదగినది.

హనఫీలయొద్ద వివాదము వేఱొక దిక్కునకుఁ దిరిగినది. అజ్ల్ చేయవచ్చునా యనుటకంటె నెవరి యనుమతితోఁ జేయవలయు ననునది వారికి ముఖ్యము. సంతానమునందు భార్యకును హక్కు గలదు. కావున నామె సమ్మతి లేక భర్త అజ్ల్ చేయరాదని వారి మూలసిద్ధాంతము. ఆలంగీరీయందు నిదియే చెప్పఁబడి, దానివెంటనే యొక సడలింపును గలదు: కాలము చెడినది, దుష్టసంతానము కలుగునను భయము గలదు, అట్టిచో సమ్మతి లేకున్నను జెల్లునని. ఈ సడలింపు నాకు రుచింపదు. కాలము చెడకుండనున్నదెప్పుడు? ఏ తరమువారైన దమకాలము మంచిదని వ్రాసికొనిరా? సర్వదా సంభవించు నిమిత్తమును జూపి సడలించినచో నపవాదమే యుత్సర్గమును మ్రింగివేయును.

దీనికిఁ బ్రతిగా స్త్రీ తనంతఁ దాను గర్భాశయముఖమును మూసికొనవచ్చునా యను ప్రశ్నయుఁ బుట్టినది. భర్త యనుమతి లేక చేయరాదని పదునాఱవ శతాబ్దపు ఈజిప్టు పండితుఁడు ఇబ్న్ నుజైం తర్కించెను. దమాస్కసునకుఁ జెందిన ఇబ్న్ ఆబిదీన్ (మరణము 1836) ఆ మాటను విమర్శించుచు, చెడ్డకాలమను హేతువు భర్తకుఁ జెల్లినచో భార్యకును జెల్లవలయుననెను. సడలింపు తప్పదన్నచో నుభయులకును సమముగా నుండవలయునను నీ మాట న్యాయ్యమైనది.

వైద్యులు ధర్మశాస్త్రజ్ఞులకొఱకు వేచియుండలేదు. ఇబ్న్ సీనా తన 'కానూన్' నందు ప్రసవము ప్రాణాపాయకరమగు స్త్రీలకు గర్భము రాకుండఁజేయు నుపాయములు వ్రాసెను. మన సంస్కృతమునను లోదీవంశపు లాడ్‌ఖానుని ప్రీతికై కల్యాణమల్లుఁడు రచించిన 'అనంగరంగ' మున గర్భనిరోధయోగములు గలవు. ముస్లింప్రభువు కోరఁగా హిందూపండితుఁడు సంస్కృతమున నీ యోగములను గూర్చుట యా కాలమునం దెవరికిని వింతగాఁ దోఁచలేదు. యోగముల గుణమెట్టిదో వైద్యులు చెప్పవలయును. వానిని నమ్మి సేవింపుఁడని నేను జెప్పను.

ఇరువదవ శతాబ్దమున వాదము మరలఁ జెలరేఁగినది. అందు దక్కనునకును భాగము గలదు. 1903 లో ఔరంగాబాదునఁ బుట్టిన అబుల్ ఆలా మౌదూదీ, 1930 తరువాతి యేండ్లలో హైదరాబాదునుండి 'తర్జుమానుల్ ఖురాన్' పత్రికను నడపుచు గర్భనిరోధోద్యమమును దీవ్రముగా ఖండించెను. ఆతని కోపము అజ్లుపైఁ గాదు; పాశ్చాత్యదేశములనుండి వచ్చిన, జాతి యంతటికిని జనసంఖ్య తగ్గింపవలయునను సిద్ధాంతముపై. వ్యక్తి యవసరమునుబట్టి చేసికొనునది వేఱు, రాజ్యము విధానముగాఁ జేయించునది వేఱని యాతఁడు పట్టిన భేదమును మాత్రము త్రోసివేయరాదు. ఇంచుమించుగా నా కాలముననే, 1937 లో, ఈజిప్టు ముఫ్తీ అబ్దుల్ మజీద్ సలీం దంపతులు గర్భనిరోధోపాయముల నవలంబింపవచ్చునని ఫత్వా యిచ్చెను. 1959 లో అజ్‌హర్ పీఠాధిపతి మహమూద్ షల్తూత్ వ్యక్తిగతమైన నియమనము నంగీకరించి, ప్రజలందఱపై విధించు శాసనమును నిరాకరించెను. 1988 డిసెంబరున కువైటులోఁ గూడిన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ పరిషత్తు మూఁడుమాటలు చెప్పినది: సంతానస్వాతంత్ర్యమును శాసనముచే నరికట్టరాదు, అత్యవసరము లేక శాశ్వతముగా సంతానశక్తిని నశింపఁజేయరాదు, దంపతులు పరస్పరము సమాలోచించి సమ్మతితోఁ దాత్కాలికముగా నెడము పాటింపవచ్చును. ఈ రెండవదానికి మూలము ప్రాచీనమైనదే. బ్రహ్మచర్యమునకై బీజచ్ఛేదము చేసికొనఁగోరిన శిష్యులను బ్రవక్త వారించెనని బుఖారీసంహితయందుఁ గలదు.

ఇప్పుడు మనసీమకు రావలయును. భారతప్రభుత్వము 1952 లోఁ గుటుంబనియంత్రణకార్యక్రమము ప్రారంభించినది. అత్యవసరపరిస్థితి నాఁటి 1976–77 సంవత్సరమున దేశమున 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగినవి; వానిలో బలాత్కారముగాఁ జేసినవి పెక్కులు, పురుషులకుఁ జేసినవే యధికము. ఆ పీడ తీఱిన పిదపఁ బురుషుల చికిత్స దాదాపుగ నంతరించి, భారమంతయు స్త్రీలపైఁ బడినది. 2019–21 నాఁటి జాతీయకుటుంబారోగ్యసర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమునఁ బ్రసవయోగ్యమగు వయస్సుగల వివాహితస్త్రీలలో నూటికి డెబ్బదికిఁ జేరువగా శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. తక్కిన యుపాయములన్నియుఁ గలసినను లెక్కకు రాని స్వల్పములు. మనపల్లెలలోఁ 'గుటుంబనియంత్రణ' మనినను, నుత్త 'ఆపరేషన్' అనినను వస్తువొక్కటియే. సామాన్యశబ్దము విశేషమునందు రూఢమైనది. పంకజమను పదము బురదలోఁ బుట్టిన వానినన్నిటిని విడిచి తామరనే చెప్పినట్లు.

కావుననే గుడిబండలో నొక ముస్లింగృహిణి 'కుటుంబనియంత్రణము మనమతమునఁ గూడునా' యని యడిగినచో ధర్మశాస్త్రజ్ఞుఁడు 'కూడదు' అనును. ఆమె యడిగినది శాశ్వతమైన చికిత్సను గూర్చి యని యాతఁ డెఱుఁగును. ఆ యర్థమున నాతని మాట చాలమంది పండితుల సమ్మతము పొందినదే. కాని యామె వినునది సర్వవిధనిరోధమును నిషిద్ధమని. మాత్రలు, సూదిమందు, గర్భాశయమున నుంచు తీఁగ మొదలగు తాత్కాలికోపాయములు అజ్లుకు సదృశములని యనుమతించువారు పెక్కుమంది యున్నను, ఆ యనుమతి యామెదాఁక రాదు. అప్పు డామెకు మిగులునవి రెండే: ఏటేటఁ బ్రసవము, లేదా పాపభీతితోఁ జేయించుకొను శస్త్రచికిత్స. దేశమునందలి ముస్లింస్త్రీలలో సగటు సంతానసంఖ్య 1992–93 లో 4.4 ఉండఁగా 2019–21 నాఁటికి 2.4 నకు దిగినది. స్త్రీలు పండితుల వాదము ముగియువఱకు నాఁగలేదని స్పష్టము. ఎంతమంది మనస్సునఁ బాపశంక పెట్టుకొని యాస్పత్రిమెట్లెక్కిరో మాత్రమే యీ యంకెలు చెప్పవు.

2017 నుండి ప్రభుత్వాస్పత్రులలో 'అంతర' అను సూదిమందును, 'ఛాయ' యను మాత్రయు నుచితముగా నిచ్చుచున్నారు. మొదటిదాని బలము మూఁడునెలలు. రెండవది మొదట వారమునకు రెండుమాఱులు, మూఁడునెలల పిదప వారమున కొకమాఱు పుచ్చుకొనవలయును. వైద్యుని యనుమతితో మానినచో మరలఁ గాన్పు కలుగవచ్చును గనుక నివి బీజచ్ఛేదమున కెంతమాత్రము సదృశములు గావు. ఆలంగీరీకర్తలు చూచియున్నచో వీనిని అజ్లుప్రకరణముననే చేర్చియుందురు. చేర్చి, భార్య సమ్మతి యున్నదా యని మొదట నడిగియుందురు.