పాత గచ్చు పక్కన కొత్త గచ్చు: భీమిలి నుంచి మీ ఇంటి వాకిలి దాకా

ఇవాళ్టి ప్రశ్న చిన్నదే. ఇంటి ముందు పాత ప్లెయిన్ కాంక్రీటు ఉంది. పక్కనే రాళ్ళు పరిచినట్టు కనిపించే స్టాంప్‌డ్ కాంక్రీటు వేయించాలి. రెండూ కలిసిపోతాయా? మేస్త్రీ "కలిపేద్దాం సార్" అంటాడు. నన్నడిగితే, అచ్చంగా కలవవు. ఎందుకో తెలియాలంటే 1824కి వెళ్ళాలి.

ఆ ఏడాది మార్చిలో లండన్‌లో ఒక ఒప్పందం జరిగింది. ఇండియాలోని తమ స్థావరాలన్నీ డచ్చివాళ్ళు బ్రిటిష్‌వాళ్ళకి వదులుకున్నారు. 1825లో మన భీమునిపట్నం చేతులు మారింది. అదే 1824 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రీ 'పోర్ట్‌లాండ్ సిమెంట్'కి పేటెంట్ తీసుకున్నాడు. పోర్ట్‌లాండ్ అనేది అక్కడి పేరున్న రాయి. అంటే సిమెంటు పుట్టుకే రాయిని అనుకరిస్తూ మొదలైందన్నమాట!

కాబట్టి భీమిలి డచ్ సమాధుల తోటలో అప్పటి కట్టడాలు సిమెంటువి కావు, ఇటుకా సున్నమూ. మన తీరంలో గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి గుల్ల సున్నం చేసేవాళ్ళు. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులతో నూరించేవాళ్ళు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కూడా పోసేవాళ్ళు. ఆ పూతనే గచ్చు అన్నారు. సున్నం పోయినా మాట పోలేదు, మా అమ్మమ్మ సిమెంటు నేలని కూడా గచ్చు అనే అంటుంది.

ఇలాంటి సున్నపు గోడ పెచ్చులూడితే చాలామంది సిమెంటు పూసేస్తారు. అక్కడే దెబ్బ. సున్నం గోడలోని తేమని బయటికి పోనిస్తుంది, సిమెంటు అంతగా పోనివ్వదు. సముద్రపు ఉప్పు తేమతో పాటు ఇటుకలోనే ఇరుక్కుంటుంది. పైన సిమెంటు గట్టిగానే ఉంటుంది, లోపల ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది.

ఇక స్టాంప్‌డ్ కాంక్రీటు. 1950ల్లో కాలిఫోర్నియాలో బ్రాడ్ బౌమన్ దీన్ని మొదలుపెట్టాడు. పచ్చి కాంక్రీటుకి రంగు పట్టించి, అచ్చు అంటుకోకుండా పొడి చల్లి, అచ్చు వేసి నొక్కుతారు. ఆరాక సీలర్ కొడతారు. మనకీ ఇలాంటి సోకు కొత్తేం కాదు, తాతల నాటి ఎర్ర గచ్చు గుర్తుంది కదా? అందులో ఒక్క చోట పగిలి మాటు వేస్తే, ఆ మాటు జన్మంతా కనిపిస్తుంది.

కారణం ఏంటంటే, కాంక్రీటు రంగు సిమెంటు ఒక్కదానిదే కాదు. ఇసుక ఏ ఏటిది, నీళ్ళెన్ని పోశారు, ఎన్నాళ్ళు తడిపారు, ఎన్ని ఎండలు చూసింది, అన్నీ లెక్కే. పైగా మనది ఉక్కు నగరం. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ కలిపిన సిమెంటు కాస్త తెల్లగా తేలుతుంది. బొగ్గు బూడిద కలిపినది మామూలుగా ముదురుగా ఉంటుంది. మీ పాత గచ్చులో ఏది వాడారో ఎవరికి గుర్తు?

1964లో వెనిస్‌లో కట్టడాల పరిరక్షణ నిపుణులు ఒక ఒప్పందపత్రం రాసుకున్నారు. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొసగాలి, కానీ పాతదని భ్రమపెట్టకూడదు అన్నారు. చారిత్రక కట్టడాల కోసం చెప్పిన మాటే అయినా, వాకిలికీ సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి దాచడానికి డబ్బు తగలేయకండి. పాతదాని అంచు మిషన్‌తో నిటారుగా కోయించండి, మధ్యలో జాయింట్ వదలండి. లేకపోతే పాతదీ కొత్తదీ విడివిడిగా కదిలి పగుళ్ళొస్తాయి. అంచు వెంట ముదురు రంగు పట్టీ ఒకటి పెట్టిస్తే, తేడా కావాలని పెట్టినట్టే ఉంటుంది. పాతదాన్ని ముందే కడిగించండి, అసలు రంగు అప్పుడే తెలుస్తుంది. ఒక మూల రెండడుగుల శాంపిల్ వేయించి, నెల రోజులు ఆరనిచ్చి, సీలర్ కొట్టించి చూడండి. సీలర్ పడితే రంగు ముదురుతుంది. అది చూశాకే మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వండి.