చిన్న రైలుబండికి పెద్ద పుస్తకాలు

ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాడు బొమ్మ రైళ్ళ మీద రాస్తున్నాడేమిటని నవ్వుకోకండి.

2019లో మేరీలాండ్‌లో మా అబ్బాయి ఇంట ఆరు నెలలున్నాను. పన్నెండేళ్ళ మనవడికి నా పెన్షన్ బకాయిల డబ్బుతో రైలు సెట్టు కొనిపెట్టాను. అసలు బండిలో 87వ వంతు ఉండే రకం, హెచ్‌వో అంటారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ప్లైవుడ్ బల్ల మీద 18 అంగుళాల వ్యాసార్ధంతో వంపులు తిప్పి మేకులు కొట్టేశాం. పొడుగు పెట్టెలు వంపు దగ్గర పట్టాలు తప్పేవి. బల్ల గోడకానించి ఉండటంతో అవతల మూల పడ్డ బండి అందేది కాదు. వాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తొందరపెట్టింది నేనే మరి.

అప్పుడు లైబ్రరీకి వెళ్ళాను. ఈ వ్యాసంగానికి అక్కడ పెద్ద చరిత్రే ఉంది. 1934లో మిల్వాకీలో కాల్మ్‌బాక్ అనే ఆయన ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రిక పెట్టాడు. 1944లో ఫ్రాంక్ ఎలిసన్ అందులో వరుస వ్యాసాలు రాస్తూ, బల్ల రంగస్థలమనీ, బండ్లు పాత్రధారులనీ, టైంటేబులే కథ అనీ చెప్పాడు. 1956లో లిన్ వెస్ట్‌కాట్ ‘101 ట్రాక్ ప్లాన్స్’ వచ్చింది. అన్నీ తయారు ప్లాన్లే. బాగానే ఉంటాయి గాని, మన గదికి సరిపడేది దొరకాలిగా!

మాకు దారి చూపింది జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుస్తకం, ‘ట్రాక్ ప్లానింగ్ ఫర్ రియలిస్టిక్ ఆపరేషన్’. మొదటి ముద్రణ 1963. ఆయనా మనలాగే సర్కారు ఉద్యోగి, నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో ఇంజనీరు. 2004లో కాలం చేశాడు. బండి ఊరికే గుండ్రంగా తిరగకూడదు, ఏదో సరుకు ఎక్కడినుంచో ఎక్కడికో చేరవేయాలి అంటాడు. వంపు వ్యాసార్ధానికి పక్కపక్కన ఉండే రెండు రైలుదారుల మధ్య దూరాన్ని రెండింతలు చేసి కలిపితే ఒక గడి కొలత. గదిని అలాంటి గడులుగా విభజిస్తే ఏది పడుతుందో, ఏది పట్టదో పెన్సిల్‌తోనే తేలిపోతుంది. హెచ్‌వోకి 18 అంగుళాల వంపు ఇరుకనీ, 24 మామూలనీ, 30 విశాలమనీ లెక్క. మా పెట్టెలెందుకు పడ్డాయో అప్పుడర్థమైంది.

ఇంకో మాట నాకు బాగా నచ్చింది. పని మొదలెట్టే ముందు రెండు పట్టీలు రాయమంటాడు. మార్చలేనివి ఒకటి, కావాలనుకునేవి ఒకటి. మన ఆఫీసు భాషలో మంజూరైనవీ, మనవి చేసుకున్నవీ అన్నమాట.

“తాతయ్యా, నువ్వు చెప్పు, నేను రాస్తా” అని కాగితం తెచ్చుకున్నాడు మనవడు. కావాల్సిన వాటిలో వంతెన, గూడ్స్ షెడ్డు, సొరంగం. మార్చలేని వాటిలో గది కొలతలు, తలుపు, హీటరు చెప్పాను. నేను చెప్పకుండానే వాడు ఇంకోటి చేర్చాడు: తాతయ్య మోకాళ్ళు. బల్ల కింద దూరి లోపలికెళ్ళే ప్లాన్లన్నీ ఆ ఒక్క ముక్కతో కొట్టివేతకు గురయ్యాయి. నడవడానికి రెండున్నర అడుగుల దారి వదిలి, బల్లను గోడ వెంట సన్నగా కట్టాం.